సుగుణ మేడమ్ లెవెలు

వేలి చివర స్పిరిట్ దూది చల్లగా తగిలింది. ఆ వాసన ఈ మధ్య నాకు బాగా అలవాటైపోయింది. నరసన్నపేట బజారులో ఒక చిన్న ల్యాబ్‌లో, శనివారం పొద్దున, పరగడుపున బల్ల మీద కూర్చుని ఉన్నాను. రక్తం తీసిన అమ్మాయి మిషన్ వంక చూసి, "షుగర్ లెవెల్ ఓ లెవెల్లో ఉన్నాది మేడమ్" అంది. నేను పైకే నవ్వేశాను. ఆ పిల్ల కంగారుపడి, "ఎక్కువున్నాదని సెప్తన్నాను మేడమ్" అని మళ్ళీ చెప్పింది. సంగతి నాకు మొదటిసారే అర్థమైంది. నవ్వొచ్చింది ఆ వాక్యానికి. ఒకే మాటను పక్కపక్కనే రెండుసార్లు వాడి, ఒకసారి ఒక అర్థం, ఇంకోసారి ఇంకో అర్థం చెప్పింది, అదీ ఏమాత్రం తడుముకోకుండా. మా కాలేజీ సుగుణ మేడమ్ ఉండి ఉంటే ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ వాక్యం మళ్ళీ చెప్పించుకునేవారు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. బయటికి వచ్చి ఆటో కోసం నిలబడగానే స్కూలు గుర్తొచ్చింది. ఈ ఏడాది మా హైస్కూల్లో, ఇంగ్లీషు పీరియడ్‌కి మాత్రం, పిల్లలను వాళ్ళు చదవగలిగేదాన్ని బట్టి మూడు లెవెల్స్‌గా విడదీశారు. ఇంగ్లీషు చెప్పేది ముగ్గురం. సీనియర్‌ని కాబట్టి ముందు నన్నే ఎంచుకోమన్నారు హెడ్మాస్టారు. "మొదటిది తీసుకోండి మేడమ్. ఆ పిల్లలకి మనం సెప్పక్కర్లేదు, ఆళ్ళే సదివేసుకుంటారు. మీ ఆరోగ్యం కూడా సూసుకోవాల కదా" అన్నారు. నా మంచి కోరే అన్నారు. నిజం చెప్పాలంటే నాక్కూడా ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నానికే గొంతు పోతోంది, మోకాళ్ళు మాట వినడం లేదు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలతో రోజూ కుస్తీ పట్టే ఓపిక నాలో ఎంత మిగిలిందో నాకే తెలియదు. అయినా సోమవారం చెబుతానన్నాను. అప్పుడే సరేననకుండా ఎందుకు ఆగానో, ఆటోలో ఇంటికి వెళుతూ సుగుణ మేడమ్‌ను తలచుకుంటుంటే తెలిసింది.

సుగుణ మేడమ్ విజయనగరంలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. వాళ్ళది శ్రీకాకుళం వైపు బాప్టిస్టు కుటుంబం, తండ్రి మిషన్ బడిలో పంతులుగారు. మేడమ్ పెళ్ళి చేసుకోలేదు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా వెలిసిన నేత చీరలో, ఎప్పుడు చూసినా అలసిపోయి ఉండేవారు. క్లాసులోకి వస్తూనే కుర్చీలో కూలబడి, "నాకు ఓపిక లేదర్రా" అనేవారు. అని, తర్వాతి పీరియడ్ లెక్చరర్ వచ్చి గుమ్మంలో నిలబడి దగ్గేదాకా చెబుతూనే ఉండేవారు. ఆ ఓపిక లేకపోవడం మాకూ కాస్త ఉంటే బాగుండునని హాస్టల్లో వెక్కిరించుకునేవాళ్ళం. భుజం నొప్పి వల్ల బోర్డు మీద రాయలేక మాలో ఎవరినో ఒకరిని లేపి రాయించేవారు. పాఠం ఇంగ్లీషులో సాగేది. తిట్లు, ముచ్చట్లు మాత్రం అచ్చంగా మా ఊరి మాటల్లోనే ఉండేవి. చదువుకున్నవాళ్ళు అలా మాట్లాడొచ్చని నాకు అంతవరకు తెలియదు.

శుక్రవారం ఆమె పుస్తకం తెరిచేవారు కాదు. ఒక ఇంగ్లీషు మాట తీసుకునేవారు. పెద్ద మాటేమీ కాదు, మన ఇళ్ళల్లోకి ఎప్పుడో వచ్చి కాపురం పెట్టేసినదే. డిక్షనరీ ముట్టుకోకూడదు. ఆ మాట ఎక్కడ విన్నావు, ఎవరన్నారు, ఎందుకన్నారు, ఇవే ఆమె అడిగేవి. ఒక శుక్రవారం లెవెల్ వంతు వచ్చింది. తాపీమేస్త్రి కొడుకు ఒకడు లేచి, సన్న గొట్టంలో నీళ్ళు నింపి గోడకు రెండు పక్కలా పట్టుకుని ఎత్తు సరిచూస్తారని చెప్పాడు. టౌన్‌లో కాన్వెంటులో చదివిన అమ్మాయి "స్టాండర్డ్" అంది. ఇంకెవరో రైల్వే గేటు దగ్గర లెవెల్ క్రాసింగ్ అని బోర్డు ఉంటుందన్నారు. అప్పుడు మేడమ్ వేలు నా మీద పడింది. నేను కోటబొమ్మాళి పక్క పల్లె నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినదాన్ని. అప్పటికి ఆ క్లాసులో నోరు విప్పి ఎరగను.

"నువ్వెక్కడ ఇన్నావే?" అన్నారు.

"మా ఇంట్లో మేడమ్."

"ఎవులన్నారు?"

"మా అమ్మ. మా పిన్నిని అన్నాది."

"ఏటన్నాది?"

"'దాని లెవిలు సూడే' అన్నాది" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. కాన్వెంటు అమ్మాయి బల్ల మీద తల పెట్టుకుని మరీ నవ్వింది. నేల చీలితే బాగుండుననిపించింది నాకు. మేడమ్ మాత్రం నవ్వలేదు. "అంటే అర్థం ఏటి?" అని అడిగారు. "టెక్కు మేడమ్" అన్నాను. "రా, వచ్చి బోర్డు మీద రాయి" అన్నారు. స్టాండర్డ్ అనే మాట కింద తెలుగులో టెక్కు అని రాశాను. "ఇది డిక్షనరీలో దొరకదు. ఇది మనోళ్ళు సంపాదించుకున్న అర్థం. మిగతావాళ్ళు రాసుకోండి" అన్నారు మేడమ్. అందరూ నోటుబుక్కుల్లోకి వంగారు. మా అమ్మ కోపంలో అన్న మాటను కాలేజీలో అంతమంది రాసుకోవడం చూశాక, నేను ఇంగ్లీషు చదవగలననే నమ్మకం నాకు మొదటిసారి కలిగింది.

ఆ రోజే ఆమె ఆ మాట పుట్టుక చెప్పారు. రోమన్లు తక్కెడను లిబ్రా అనేవారట. చిన్న తక్కెడ లిబెల్లా. వడ్రంగులు, తాపీ పనివాళ్ళు వాలు సరిచూసుకునే పనిముట్టుకు కూడా ఆ పేరే పడింది. ఫ్రెంచివాళ్ళ నోట నలిగి, ఇంగ్లీషులోకి వచ్చి లెవెల్ అయింది. "అయితే నాది తులారాశి మేడమ్" అన్నాడు మేస్త్రి కొడుకు. "ఆ రాశి పేరు లిబ్రాయేరా. నీ జాతకంలో ఇంగ్లీషు మార్కులే కనబడ్డం లేదు" అన్నారు మేడమ్. మన మట్టం కూడా దీనికి చుట్టమేనన్నారు, వంశం వేరైనా పని ఒకటే కాబట్టి. మనం నీటిమట్టం అంటాం, కూల్చేస్తే నేలమట్టం చేశారంటాం. ఇంగ్లీషువాళ్ళకీ ఊరిని లెవెల్ చేయడమంటే కూల్చేయడమే. వాళ్ళే 'లెవెల్ విత్ మీ' అన్నారంటే దాచకుండా నిజం చెప్పమని. తర్వాత, "సమానంగా ఉన్నాదా లేదా సూడ్డానికి పుట్టిన మాటర్రా ఇది. దారిలో ఎక్కడో తప్పిపోనాది. ఇప్పుడు ఎవుడు పైనున్నాడు, ఎవుడు కిందున్నాడు అని సెప్పడానికి వాడతన్నాం" అన్నారు. ఆ మాట మాతో అన్నట్టు లేదు. కిటికీలోంచి సైకిల్ స్టాండు వైపు చూస్తూ అన్నారు.

రెండో ఏడాది మొదట్లో కాలేజీవాళ్ళు ఇంగ్లీషుకు మమ్మల్ని రెండు సెక్షన్లు చేస్తామన్నారు. పరీక్ష పెట్టి, బాగా రాసినవాళ్ళు ఏ, మిగతావాళ్ళు బి. ప్రిన్సిపాల్ గారు క్లాసుకు వచ్చి, "ఎవరి లెవెల్‌కి తగ్గట్టు వాళ్ళకి బోధన" అని వివరించారు. అందరం మేడమ్ మొహం వైపు చూశాం. ఆమె చాక్‌పీసు పొడి చీరకు అంటిందేమోనని దులుపుకుంటున్నారు. మేడమ్ అందరికంటే సీనియర్ కాబట్టి ఆమెకు ఏ సెక్షనే ఇస్తారని మాకు ఏ అనుమానమూ లేదు. నేను మాత్రం ఆ పరీక్ష కోసం పిచ్చిదానిలా చదివాను. ఆమె క్లాసు పోతే నా చదువు అక్కడితో సరి అనిపించింది. మా నాన్న అప్పటికే, "ఏటే, ఇంకెంత సదువుతావు" అని మొదలెట్టాడు. ఇంగ్లీషు బాగా వస్తే టీచర్ ఉద్యోగం వస్తుందని, అంతవరకు ఆగమని ఆయన్ని నేను ఆపుతున్నది మేడమ్ ఇచ్చిన ధైర్యంతోనే. ఫలితాలు పెట్టారు. నాకు ఏ సెక్షన్ వచ్చింది. హాస్టల్ దాకా పరుగెత్తాను.

మర్నాడు ఏ సెక్షన్‌లోకి ఒక కొత్త లెక్చరర్ గైడు పట్టుకుని వచ్చారు. మేడమ్ బి సెక్షన్‌కి వెళ్ళారు. ఎవరూ వెయ్యలేదట, ఆమే అడిగి తీసుకున్నారట. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అంత కష్టపడి ఎక్కింది ఆమె కోసమే కదా, ఎక్కి చూస్తే ఆమె అక్కడ లేరు. సాయంత్రం స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళాను. ఆమె చెప్పులు విడిచి, పాదాలు కుర్చీ కమ్మీ మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు.

"నన్ను కూడా బి సెక్షన్‌లో వేయించండి మేడమ్" అన్నాను.

"ఎందుకే?"

"మీరక్కడున్నారు కదా."

ఆమె కళ్ళు తెరవలేదు. "పెద్దసారు కూడా అడిగినారు, మీ లెవెల్‌కి బి సెక్షనేటి మేడమ్ అని. నా లెవెల్ ఏటో ఆయనకెలాగ తెలిసిందో మరి." పాదాలు కమ్మీ మీద సర్దుకుని, "నీకు దారి తెలిసిపోయిందే. ఇంక నువ్వు నడిసెల్లిపోతావు. ఆళ్ళకి తెలీదు. నాకున్న ఓపిక కొంచెమే. దాన్ని ఎక్కడ పెట్టాలో నాను సూసుకోవాల" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. "అయితే నేను బాగా రాయడం తప్పా మేడమ్?" అన్నాను. అప్పుడు కళ్ళు తెరిచి చూశారు. "తప్పేటే పిచ్చిదానా. బాగా రాసినావు. నాకు ఎంత ఆనందమయ్యిందో" అన్నారు. అది నిజమని ఆమె మొహం చూస్తే తెలిసింది. అయినా నన్ను మాత్రం తీసుకోలేదు. ఆ ఏడంతా గోడ అవతల బి సెక్షన్‌లో నవ్వులు వినబడుతుంటే, ఇటుపక్క మేం గైడులో జవాబులు ఎక్కించుకుంటూ కూర్చున్నాం. ఆ పిల్లలంటే నాకు ఒళ్ళు మండేది. మంచి మార్కులు వచ్చాయి, బి.ఎడ్. సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఆమె చెప్పినట్టు నడిచే వెళ్ళాను. ఆ బాధ మాత్రం చాలాకాలం లోపల అలాగే ఉండిపోయింది.

ఆమెను చివరిసారి చూసింది విజయనగరం కోట దగ్గరి సందులో వాళ్ళ ఇంట్లో. అప్పటికి రిటైరై చాలాకాలమైంది. పాదాలు బాగా వాచిపోయి ఉన్నాయి, మేనకోడలు దగ్గరుండి చూసుకుంటోంది. నా ఉద్యోగం గురించి అడిగారు, పిల్లల గురించి అడిగారు. మాటల్లో మాటగా, ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగేశాను. "బి సెక్షన్ వాళ్ళు బాగా పైకొచ్చారా మేడమ్?" అవునంటారనే అనుకున్నాను. అవునంటే నా మనసు కాస్త కుదుటపడేది, నా నష్టానికి ఏదో ఫలితం ఉందని.

"లేదే. సగం మంది ఇంగ్లీషులో తప్పిపోనారు" అన్నారు ఆమె.

"మరి అంత కష్టపడ్డారు కదా మేడమ్, ఏం లాభం?" అన్నాను.

ఆమె నా వైపు చూశారు. కోపంగా లేదు. ఎప్పటిలాగే అలసటగా ఉంది. "తప్పిపోయేవోళ్ళకి మేష్టరు అక్కర్లేదేటే?" అన్నారు. తర్వాత మేనకోడలు టీ తెచ్చింది. మాటలు వర్షాల మీదికి, మా ఊరి వరి మీదికి మళ్ళాయి. ఆ ఏడాదే ఆమె పోయారు.

ఆమె దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషులో చాలాభాగం రోజూ వాడుతూనే ఉన్నాను, అది ఆమెదని గుర్తు కూడా రాదు. ఆ చివరి ప్రశ్న మాత్రం అలా అరిగిపోలేదు. దానికి జవాబు చెప్పకుండా మొదటి లెవెల్ తీసుకుని హాయిగా కూర్చోవడం ఎలాగో ఆదివారమంతా ఆలోచించాను. దారి దొరకలేదు. ఆమె మీద విసుగు కూడా వచ్చింది. పోయాక కూడా మనిషిని కూర్చోనివ్వరు కదా అనిపించింది. సోమవారం వెళ్ళి, మూడోది నాకు ఇవ్వండి సార్ అన్నాను. హెడ్మాస్టారు నా మొహం వంక, నా కాళ్ళ వంక చూసి, "ఆలోసించుకున్నారా మేడమ్?" అన్నారు. ఆలోచించుకున్నానన్నాను.

మూడో లెవెల్‌కి వరండా చివరి గది ఇచ్చారు. మొదటి రోజు నేను ఏ గొప్ప పాఠమూ చెప్పలేదు. సగంమంది పేర్లు అడిగేసరికే గొంతు బొంగురుపోయింది, వెనక బెంచీవాళ్ళను రెండుసార్లు కసిరాను. బెంచీల మధ్య నడుస్తుంటే మోకాలు కలుక్కుమంది, ఒక బెంచీ పట్టుకుని నిలబడిపోయాను. ఆ బెంచీ చివర ఉన్న పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపులో వెక్కిరింత లేదు, జాలి ఉంది.

"మీది కూడా మా లెవిలేనేటి టీచర్?" అని మెల్లగా అడిగింది.

"అవునమ్మా" అన్నాను.

ఆ పిల్ల, పక్కనున్న పిల్లను మోచేత్తో నెట్టి, తను కూడా కాస్త జరిగి, బెంచీ మీద నాకు చోటిచ్చింది.