పల్సానా మిల్లు డైరెక్టరమ్మ

సూరత్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పర్వత్ పాటియాలో విజయరాణిని అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు. సూరత్ మున్సిపల్ తెలుగు బడిలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయింది. ఆ మరుసటి ఏడాదే ఊరి బయట పల్సానాలో బట్టలకు రంగులద్దే మిల్లు యజమాని హర్షద్‌భాయ్ మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటికొచ్చి, తమ కంపెనీ బోర్డులో డైరెక్టరుగా ఉండమని అడిగాడు. షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ కనుక బోర్డులో ఒక మహిళ ఉండి తీరాలట. చదువుకున్నావిడ, నలుగురిలో పేరున్నావిడ అని పొగిడాడు. విజయరాణి ఆ మాట నమ్మింది. నమ్మి, మొదటి మీటింగుకు ముందు కంపెనీ వార్షిక నివేదిక మొత్తం కూర్చుని చదివింది.

మీటింగులో దాని గురించి ఆమెను ఎవరూ అడగలేదు. టీ తాగేటప్పుడు మాత్రం హర్షద్‌భాయ్ ఆమె పక్కకు కుర్చీ జరుపుకుని, మిల్లుకు నీళ్ల కనెక్షన్ పని సర్కారు ఆఫీసులో ఆగిపోయిందనీ, ఉమాకాంత్‌భాయ్ ఒక్క ఫోన్ చేస్తే కదులుతుందనీ మెల్లగా చెప్పాడు. ఉమాకాంత్ ఆమె భర్త, ఆ పేట కార్పొరేటరు. మగ్గాల మీద బతికే తెలుగువాళ్ల ఓట్లు ఆయన మాట మీదే పడతాయని పార్టీలో పేరు.

ఆయన ఫోన్ చేశాడు, నీళ్లొచ్చాయి. ఇక అక్కడినుంచి ప్రతి మీటింగుకూ ఒక పని. కాలుష్యం నోటీసు ఒకసారి, బొగ్గు లారీల దారి ఒకసారి. అడిగినవన్నీ అయ్యేవి. మిల్లు మాత్రం ఏటికేడు దిగజారుతూనే ఉంది.

ఎందుకో చూద్దామని ఒకరోజు ఆమె కింద రంగుల షెడ్డులోకి దిగింది. పాత మిషన్లలోంచి గుడ్డ మరకలతో వస్తోంది. మార్కెట్ వ్యాపారులు తిప్పి పంపిన తాన్లు గోడవారన గుట్టలు పడి ఉన్నాయి. పని తెలిసిన రంగుల మాస్టరు ఎప్పుడో పక్క మిల్లుకు పోయాడట. అదే బోర్డులో చెబితే హర్షద్‌భాయ్ నవ్వి, ఆ తలనొప్పి తమకు వదిలెయ్యమన్నాడు.

ఆ సాయంత్రం భర్తతో అన్నది: "నన్ను డైరెక్టరును చేసిన్రనుకున్న. నీకు ఫోన్ కలిపేదాన్ని చేసిన్రు."

ఉమాకాంత్ చిన్నబుచ్చుకున్నాడు. మానెయ్యాలని ఆమె చాలాసార్లు అనుకుంది. ఈసారన్నా వింటారేమోనని మళ్లీ వెళ్లేది.

పోయిన ఎన్నికల్లో పార్టీ ఉమాకాంత్‌ను పక్కన పెట్టి సంపత్ అనే కుర్రవాడికి టికెట్ ఇచ్చింది. సంపత్ గెలిచాడు. ఆ తర్వాతి మీటింగుకు విజయరాణి ఇంటికి కంపెనీ కారు రాలేదు. చాలాసేపు చూసి, రెండు ఆటోలు మారి ఆమే వెళ్లింది. వెళ్లేసరికి మీటింగు మొదలైంది. ఆమె ఎప్పుడూ కూర్చునే చోట సంపత్ భార్య పద్మారాణి కొత్త డైరెక్టరుగా కూర్చుని ఉంది. ఒకప్పుడు విజయరాణి క్లాసులో చదువుకున్న పిల్లే. టీచరును చూసి గాభరాగా లేవబోయింది. విజయరాణి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి కూచోబెట్టి, చివరి కుర్చీలోకి వెళ్లింది.

ఈ ఏటితో ఆమె గడువు ముగుస్తుందని హర్షద్‌భాయ్ మర్యాదగానే చెప్పి, కృతజ్ఞతలు తెలిపాడు. ఆమె చెప్పదలచింది మరొక్కసారి చెప్పింది. ఫోన్లతో అనుమతులు వస్తాయి గానీ ఆర్డర్లు రావనీ, వచ్చినవి ఆ మరకల వల్లే పోతున్నాయనీ.

ఈసారి అతను నవ్వలేదు. "నాకు తెలుసు బెన్," అన్నాడు హిందీలో, అక్కా అని పిలిచినట్టు. "మిషన్లు మార్చి నిలదొక్కుకోవాలంటే ఏళ్లు పడుతుంది. ఫోనైతే ఇవ్వాళే పని చేస్తుంది."

అతనూ అలసిపోయి ఉన్నాడని ఆమెకు అప్పుడు తోచింది.

తిరుగుదారిలో పద్మారాణి తన కారు ఎక్కించుకుంది. "టీచర్, ఆడ నేనేం చెయ్యాల్నో ఎవ్వరు చెప్తలేరు. జర మీరే చెప్పున్రి," అంది.

"కింద షెడ్డున్నది. ఫోన్ చేసే ముందట ఒక్కసారి దిగి చూడు."

"అట్లనే టీచర్. మా ఆయనను అడిగి పోత."

విజయరాణికి కోపం రాలేదు, నవ్వూ రాలేదు. దారిలో కడోదరా ఊరు దాటేదాకా కళ్లు మూసుకుని కూర్చుంది.

ఇంట్లో ఉమాకాంత్ ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఆయన కోసం ఎవరూ రావడం లేదు. ఏమైందని అడిగితే, ఇంకొక్క మీటింగు మిగిలిందని చెప్పింది.

"పోతవా?"

"పోత," అని, కాళ్లు చాపుకుని గోడకు ఒరిగింది.