ఐదుల్లో కురిసిన వాన

మొన్న మాదాపూర్‌లో మెట్రో దిగి నడుస్తుంటే, గాలిలో దుమ్మెంత, పొగెంత అని ఎర్రటి అంకెలు చూపించే బోర్డొకటి కనిపించింది. జనం దాని కిందనుంచే పోతున్నారు, ఒక్కరూ తలెత్తరు. నేను పనీపాటా లేనిదాన్ని కదా, నిలబడి చూశాను. ఆ అంకెల వెనక మనిషి లేడు. ఎందుకో దిగులేసింది.

డెబ్బైల్లో నేను కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ వాన లెక్కల ఆఫీసులో చేరాను. ఊళ్ళనుంచి వారం వారం వచ్చే కార్డుల్లోని మిల్లీమీటర్లను పెద్ద పుస్తకంలోకి ఎక్కించి సగటులు కట్టడం నా పని. హాస్టల్లో గదికి ఇద్దరం, ఆ రెండో ఆవిడ మాట్లాడేది దేవుడితోనే. అప్పటి మాదాపూర్ అంటే రాళ్ళూ, సీతాఫలం చెట్లూ. అక్కడ బడి ఆవరణలో వాన కొలిచే డబ్బా ఒకటుండేది. దాన్ని చూసే రిటైరైన పంతులుగారికి, కార్డు ముట్టిందని ఒకసారి కింద నా పేరు రాసి జవాబిచ్చాను. అప్పట్నుంచీ కార్డు అడుగున "బిడ్డా, మంచిగున్నవా? తింటున్నవా?" అని రాసేవారు. హైదరాబాదు మొత్తం మీద నన్నామాట అడిగింది ఆయనొక్కరే. కార్డొచ్చే సోమవారం కోసం సిగ్గులేకుండా ఎదురుచూసేదాన్ని.

ఒక వానాకాలం ఆయన అంకెలన్నీ సున్నాతోనో ఐదుతోనో ముగియడం మొదలైంది. పది, ఇరవై ఐదు, పదిహేను. వాన అంత పద్ధతిగా ఎక్కడైనా కురుస్తుందా? ఇంట్లో కూర్చుని రాసేస్తున్నాడీ పెద్దమనిషి అని ఒళ్ళు మండి, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, దిగి, రాళ్ళబాటన నడిచి వెళ్ళాను.

ఆయన నిజంగానే కొలుస్తున్నారు, కొలతగ్లాసు ముక్కుకి ఆనించుకుని మరీ. దాని మీద ఐదేసి మిల్లీమీటర్లకు ఒక లావు గీత, మధ్యలో అన్నీ సన్నగీతలు. రెండు కళ్ళకీ పొరలు కమ్మి, ఆయనకు లావు గీతలే కనబడుతున్నాయి.

"ఇంట్ల ఎవ్వరు లేరు బిడ్డా. పొద్దుగాల లేసేదే దీనికోసం. జర ఈ వానకాలం ఎల్లేదాంక చెప్పకు," అన్నారు. జొన్నరొట్టె పెట్టి, నేను తినేదాకా ఎదురుగా కూర్చున్నారు.

సోమవారం ఆఫీసులో ఉన్నదున్నట్టు రాసిచ్చాను. నిజాయితీ అనుకున్నాను, ఇరవై రెండేళ్ళ పొగరు. సన్నగీతలు చదవడానికి ఆయనకెవరినైనా తోడివ్వండి అని ఇంకో వాక్యం రాస్తే సరిపోయేది. తట్టలేదు. వారం తిరక్కుండానే డబ్బా పీక్కొచ్చేశారు. కార్డులు ఆగిపోయాయి. మొహం చెల్లక నేను మళ్ళీ అటు వెళ్ళలేదు.

పుస్తకంలో ఆ ఊరి గళ్ళలో సున్నా వేయకూడదు, అడ్డగీత వేయాలి. వాన పడలేదని కాదు, కొలిచే మనిషి లేడని దాని అర్థం. ఆ గీతలు నేనే వేశాను. తర్వాతి నా ఏళ్ళూ చాలామట్టుకు అలాగే పోయాయి. గడవలేదని కాదు, ఎలా గడిచాయని అడిగినవాళ్ళు లేరు.