గట్టు మీది పది బెండచెట్లు

ఈ రోజు పొద్దున్న మా బెండ చేలోకి దిగితే లేత ఆకులన్నీ పసుపు పూసినట్టున్నాయి. పల్లాకు తెగులు. ఆ తెగులు సోకని విత్తనమని ఆరేళ్లుగా నేను వేస్తూ, ఊరందరిచేతా వేయించిన రకం అది. నమ్మి మోసపోయానన్న కోపంతో నాలుగు ఆకులు సంచిలో పెట్టుకుని, గజపతినగరంలో విత్తనాల షాపుకి తగువుకే వెళ్లాను. షాపాయన నాకు వరసకి బావ.

ఆకులు తిరగేసి చూసి, "ఇత్తనం మారనేదు బావా, వైరస్ మారిపోనాది" అన్నాడు. "అది తనలాటివి పుట్టించినప్పుడల్లా కొంచెం తేడా వస్తాది. అందులో ఏదో ఒకటి ఈ మొక్కకి లొంగదు. ఇంక అదే పెరుగుతాది. ఇంతకీ నిరుటి సెట్లు పీకేసినావా?"

పీకలేదు. కూరకని గట్టు మీద పది చెట్లు ఉంచడం మా ఇంటి అలవాటు. ఆకులు కాస్త పసుపెక్కినా కాయలు కాస్తున్నాయి కదా అని, ఎండాకాలమంతా బిందెతో నీళ్లు మోసి బతికించాను. వైరస్ వాటిలోనే ఉండి ఆరితేరిందట. తెల్లదోమ దాన్ని కొత్త చేలోకి మోసిందట.

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదా?"

"సెప్తే పీకేద్దువేటి?"

ఇంటికొస్తే ఆ పది చెట్ల బెండకాయలతోనే పులుసు. అదే తిన్నాను.

పాముకి పాలు పోసినవాణ్ణి వెర్రివాడంటారు. వైరస్‌కి బిందెలతో నీళ్లు మోసినవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.