చాయ్ తాగితేనే కారు

కార్లంటే పడిచచ్చేవాణ్ని కార్లమ్మే పనిలో పెట్టుకోవద్దు. ఈ మాట ఏ పుస్తకంలోనూ దొరకలేదు. బస్వరాజ్ పక్క టేబుల్ దగ్గర కూర్చొని నేర్చుకున్నాను. కొనేవాడి ఇల్లు చూడనిదే అతను కారు ఇవ్వడు. పిల్లనిచ్చేవాళ్లు సంబంధం చూడబోయినట్టు పోతాడు. గల్లీ చూస్తాడు, వాకిలి చూస్తాడు, బండి నిలబెట్టే చోట మధ్యాహ్నం నీడ ఎటు పడుతుందో చూస్తాడు. ఆఖరికి ఆ ఇంటివాళ్లు చాయ్ ఇస్తారు. తాగాడంటే సంబంధం ఖాయం. గ్లాసు ముట్టలేదంటే ఆ ఇంటికి బండి లేదు.

నారాయణఖేడ్‌లో బీదర్ పోయే రోడ్డు మీద మా షోరూం. షోరూం అనడం పెద్ద మాట. అద్దాల గోడ, దాని వెనుక రెండు కార్లు, నీళ్లు పోసేవాళ్లు లేని ఒక కూలర్. మేనేజర్ సంగమేశ్. నేను కాగితాలు నింపేవాణ్ని. నా డిగ్రీకి ఈ ఊరు ఇంతకంటే పెద్ద కుర్చీ చూపించలేదు. పొద్దంతా కార్లు కొనేవాళ్ల పేర్లు రాసి, సాయంత్రం నడిచి ఇంటికి పోతాను.

బస్వరాజ్‌కూ కారు లేదు. రోజూ మనూర్ నుంచి షేర్ ఆటోలో, డ్రైవర్ పక్కన సగం లోపల, సగం బయట కూర్చొని వస్తాడు. రాగానే మమ్మల్ని పలకరించడు. కారు బానెట్ మీద అరచెయ్యి పెట్టి, "రాత్రి మంచిగ పన్నవా?" అంటాడు. తర్వాత మా వైపు చూసి, ఉన్నారా అన్నట్టు తల ఊపుతాడు.

ఒకసారి ఒక కుర్రాడు వచ్చి లీటర్‌కు ఎంత ఇస్తుందని అడిగాడు.

"అది తర్వాత. మీ ఇంట్ల కోళ్లున్నయా?" అన్నాడు బస్వరాజ్.

"ఉన్నయి. ఎందుకన్నా?"

"రాత్రి ఎక్కడ పంటయి?"

"ఎక్కడ బుద్ధైతే అక్కడ పంటయి."

"గదే నా పరేషాన్. బండి మీద పన్నయంటే పొద్దుగాల దాని మొకం చూడగలుగుతవా?"

ఆ కుర్రాడు మళ్లీ రాలేదు. ఒక కాంట్రాక్టర్, వెనుక సీటు మడిస్తే సిమెంటు సంచులు పడతాయా అని అడిగినందుకు, ట్రాలీ ఆటోలు అమ్మే దుకాణం దాకా బస్వరాజ్ స్వయంగా నడిచి వెళ్లి అతన్ని దిగబెట్టి వచ్చాడు. బట్టల దుకాణం వేణు ఇంటి ముందు చింతచెట్టు ఉంది. అక్కడ చాయ్ తాగలేదు.

"చెట్టు కింద బండి నిలవెడ్తే రంగు ఖరాబైతది," అన్నాడు.

"చెట్టు కొట్టిస్త తియ్యి," అన్నాడు వేణు.

"వద్దు. చెట్టు ఉసురు నా బండికి తగుల్తది."

ఈ కథ ఊరంతా చెప్పుకొని నవ్వింది. సంగమేశ్ మాత్రం నవ్వలేదు. బస్వరాజ్ ఎవరి ఇంటికి పోయినా తోడుగా నన్ను పంపేవాడు, కాసేపటికి నాకు ఫోన్ చేసేవాడు. హలో లేదు, ఎక్కడున్నావని లేదు. ఒకటే ప్రశ్న.

"చాయ్ తాగిండా?"

నేనే ఒకరోజు అడిగాను. "అన్నా, నువ్వు బండ్లు అమ్మెటోడివా, ఆపెటోడివా?"

"బండి అంటే ఎరుకున్నోడే అమ్మాలె తమ్మీ."

"జహీరాబాద్‌ల ఎరుకలేనోళ్లు మస్తు అమ్ముతున్నరు."

"అవి ఏ ఇంట్ల పడ్డయో వాళ్లకు ఎరుకనా?"

అతనితో వాదించడం దండగ. శ్రావణమాసంలో సంగమేశ్ కూడా వాదన మానేసి తేల్చి చెప్పాడు.

"బస్వరాజ్, దసరాకు ఒక్క బండన్న నీ చేతుల మీదుగ పోవాలె. లేకుంటే నువ్వు పోవాలె."

"ఏ ఇంటికి సార్?"

"ఏ ఇంటికన్న."

"ఏ ఇంటికన్న అంటే ఎట్ల సార్," అన్నాడు బస్వరాజ్, నిజంగానే నొచ్చుకొని. ఇంట్లో ఇద్దరు పిల్లలు బడికి పోతున్నారు. ఈ పని పోతే వాళ్ల బడి ఏమవుతుందో అతనికి తెలుసు. అయినా సాయంత్రం పోతూ పోతూ బానెట్ తుడిచే పోయాడు.

ఆ వారంలోనే సంగప్ప వచ్చాడు. కంగ్టి అవతల ఊరు, సొంత భూమి, కంది పంట. తెల్ల ధోతి, తెల్ల రుమాలు. బేరం లేదు, ప్రశ్నలు లేవు.

"తెల్లది కావాలె."

"తెల్లదే ఎందుకు కాకా?" అన్నాను.

"మా బామ్మర్దిది ఎర్రది."

ఇంతకంటే మంచి గిరాకీ లోకంలో ఉండదు. సంగమేశ్ తన చేత్తో కూలర్‌లో నీళ్లు పోశాడు. అప్పుడు బస్వరాజ్ లేచి నిలబడ్డాడు. సంగమేశ్ కళ్లు మూసుకున్నాడు.

"కాకా, ఒకపారి ఇల్లు చూడాలె."

"చూడప్పా, ఎవరద్దన్నరు? బండి నేనే తోల్త. నువ్వు పుట్టకముందు సంది ట్రాక్టర్ తోల్తున్న."

తెల్ల బండిలో కంగ్టి దారి పట్టేసరికి పొద్దు గూకుతోంది. సంగప్ప స్టీరింగ్ దగ్గర, బస్వరాజ్ పక్కన, నేను వెనుక. బస్వరాజ్ హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి వేసి, ఊరు దాటినా తియ్యలేదు. పసిపిల్ల తల నిమురుతున్నట్టు ఉంది. ఇంకా ఏం చూడాలో అనుకున్నాను.

కొంత దూరం పోయాక, "ఆపు కాకా, ఇంజన్ల ఏదో సప్పుడు," అన్నాడు. ఆపాము. చెవి పెట్టి విన్నాడు. ఈలోగా ఒక గొర్రెల మంద మా బానెట్‌ను రాసుకుంటూ రోడ్డు దాటింది. "ఏం లేదు, పోనీ," అన్నాడు.

మళ్లీ, "ఆపు కాకా, అద్దం మీద పురుగు." దిగి చేతిరుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు. ఎదురుగా లైట్లు లేని ట్రాక్టర్ ఒకటి వచ్చి, మమ్మల్ని దాటి పోయేదాకా ఆ పురుగు పోలేదు. నాకు మాత్రం పురుగు కనబడలేదు.

కల్వర్టు దగ్గర మళ్లీ. "ఆపు కాకా, కొత్త బండి, జర దమ్ము తీసుకోనీ." లారీ ఒకటి కళ్లలో లైట్లు కొట్టుకుంటూ పోయింది. బండి దమ్ము తీసుకుంది. నేను పళ్లు కొరుక్కున్నాను.

ఇంటి దగ్గర చుట్టాలందరూ పోగయ్యారు. ఎర్ర కారు బామ్మర్ది భూమన్న అందరికంటే ముందు కుర్చీ వేసుకొని ఉన్నాడు. సంగప్ప భార్య విజయమ్మ చాయ్ తెచ్చింది. వాకిలి బ్రహ్మాండంగా ఉంది. చింతచెట్టు లేదు. కోళ్లు గంప కింద బుద్ధిగా ఉన్నాయి. నేను మనసులోనే కాగితాలు నింపడం మొదలుపెట్టాను. బస్వరాజ్ మాత్రం గ్లాసు పక్కన పెట్టి కొట్టంలోకి చూస్తున్నాడు. అక్కడొక బర్రె నెమరు వేస్తోంది.

"చిన్నమ్మా, గా బర్రె కొమ్ములు ఎంతెంతున్నయో జర చూపియ్యి," అని విజయమ్మతో కొట్టంలోకి పోయాడు. కాసేపటికి తిరిగి వచ్చాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

"ఏమైందప్పా?" అన్నాడు సంగప్ప.

"ఇల్లు మంచిగున్నది కాకా. గా బర్రెతోని మాత్రం మన బండికి పడది. దాని చూపే బాగలేదు."

చుట్టాలు పొట్టలు పట్టుకొని నవ్వారు. "బావా, బండిని బర్రె కొనాల్నా, నువ్వు కొనాల్నా అడుగు," అన్నాడు భూమన్న. "పాపం, బర్రెను చూసి బుగులువడ్డడు," అన్నారెవరో. సంగప్పకు ఒళ్లు మండింది.

"బర్రెకు భయపడె బండి నాకెందుకు? తీస్కపో."

తిరిగి వస్తుంటే బస్వరాజ్ నడిపాడు. నా ఫోన్ మోగింది.

"చాయ్ తాగిండా?"

"మీగడ కట్టింది సార్."

"రేపటి సంది రావద్దని చెప్పు," అన్నాడు సంగమేశ్. చెప్పే అవసరం లేకపోయింది, కారులో అంత నిశ్శబ్దంగా ఉంది.

"ఇంజన్ ఎంత మంచిగ నడుస్తుందో చూడు తమ్మీ," అన్నాడు బస్వరాజ్.

"పోయేటప్పుడు ఏదో సప్పుడన్నవ్ కదా."

"ఇప్పుడు లేదు."

మర్నాటి నుంచి అతను రాలేదు. మనూర్‌లో ట్రాక్టర్లు కడుగుతున్నాడని తెలిసింది. అతని కుర్చీలోకి వచ్చినవాడు కారుకు ఆనుకొని ఫోన్లో మాట్లాడేవాడు. ఎవరి ఇల్లూ చూసేవాడు కాదు. అందరికీ హాయిగా ఉంది.

దసరా దగ్గరపడుతుండగా సంగప్ప, విజయమ్మ షోరూంలోకి వచ్చారు. సంగప్ప నన్ను ఎగాదిగా చూశాడు.

"నీ అంగీకి గీతలున్నయి గదా."

"ఎప్పటి సంది ఉన్నయి కాకా. ఆ రోజు గూడ గిదే అంగీ."

"నాకు సాఫుగ తెల్లగ కనవడ్డది," అని కుర్చీలో కూర్చున్నాడు. "బీదర్ల కంటి ఆపరేషన్ చేయించుకున్న. బర్రె పిలగాడేడి?"

సంగమేశ్‌కు అర్థం కాలేదు. విజయమ్మ చెప్పింది.

"ఆ రోజు కొట్టంల నిలవడి నాతోని అన్నడు. 'చిన్నమ్మా, పొద్దుగూకినంక కాకకు కండ్లు కనవడ్తలేవు. గొర్ల మంద ఎదురొస్తే సోయి లేదు. నలుగుట్ల చెప్తే కాక సిగ్గుకు దవాఖాన దిక్కు గూడ చూడడు. నేను బర్రె మీద పెడ్త. నువ్వు కండ్లు చూపియ్యి' అన్నడు."

"మా బామ్మర్ది ముంగట నా కండ్ల మాట తీస్తే నా ఇజ్జత్ ఏముంటుండె?" అన్నాడు సంగప్ప. "నవ్వెటోళ్లను తన మీదికి తిప్పుకున్నడు. ఆయన మా ఇంటికొచ్చి చాయ్ తాగితేనే నేను బండి తీస్కుంట."

నాకు హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి గుర్తొచ్చింది. వేణు ఇంటి చింతచెట్టూ గుర్తొచ్చింది. ఆ చెట్టు వెనుక ఏముందో నాకు తెలియదు. అడిగినా బస్వరాజ్ చెప్పడు. చెట్టునే తిడతాడు.

సంగమేశ్ ఫోన్ చేశాడు. "బస్వరాజ్, జల్దీ రా. పని మీద మాట్లాడాలె."

"తెల్ల బండి ఎట్లున్నది సార్?" అన్నాడు అవతలి నుంచి.

ఆ సాయంత్రమే కంగ్టి దారి. డాక్టర్ నడపొచ్చన్నాడా, మందులు అయిపోయినాయా అని విజయమ్మను గుచ్చి గుచ్చి అడిగాకే బస్వరాజ్ సంగప్పకు తాళం ఇచ్చాడు. మళ్లీ పొద్దు గూకింది, మళ్లీ హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి. దూరంగా ఏదో కదిలింది. అదేమిటో నాకు తెలియకముందే సంగప్ప బండి నెమ్మది చేశాడు.

"గొర్లొస్తున్నయి," అన్నాడు. "అండ్ల ఒకటి కుంటుతుంది."

బస్వరాజ్ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇంటి దగ్గర కొట్టం ముందు కొత్త రాతిగోడ ఉంది. భూమన్న ఆ గోడ చుట్టూ తిరిగి చూశాడు. "బావా, బర్రెకు కోట కట్టినవా?"

"మరి బండికి పడదన్నరు గద," అన్నాడు సంగప్ప, ముఖంలో నవ్వు లేకుండా. "బర్రె చూపు బాగలేదట."

బస్వరాజ్ గోడ ఎత్తు చూసి, ఒక రాయి కదిపి చూసి, చాలా సీరియస్‌గా తల ఊపాడు. విజయమ్మ గ్లాసులు తెచ్చింది. నా ఫోన్ మోగింది.

"చాయ్ తాగిండా?"

"రెండో గ్లాసు అడుగుతుండు సార్," అన్నాను. "గా బర్రె పాలతోనే కావాల్నట."