రామాబాయి వేడినీళ్ల సాక్ష్యం

మా బజారులో కుట్టుమిషన్లు బాగుచేసే రామాబాయి చేతికీ నోటికీ ఎదురులేదు. నేను దర్జీ యల్లేశ్‌ను. ముప్పై ఏళ్లుగా నా మిషన్ ఆమె చలవవల్లే నడుస్తోంది. తుప్పుపట్టిన వస్తువును చూస్తే ఆమెకు ఎక్కడలేని పౌరుషం వస్తుంది. అంతటి మనిషి అరవై రెండో ఏట ఒక తుపాకీ వెంట పడింది.

ఆ తుపాకీ ఆమె తండ్రి శివరామకృష్ణయ్యది. గొట్టం మూతిలోంచి మందు, సీసపు గుండ్లు పోసి, కడ్డీతో దట్టించి పేల్చే పాతకాలపు రకం. సిరవార ఊరి దగ్గర ఆయనకు జొన్నచేనుండేది. అడవిపందుల బాధ పడలేక లైసెన్సు తీసుకుని పెట్టుకున్నాడు. యాభై ఆరేళ్ల కిందట ఒక తెల్లవారుజామున ఆ చేనులోనే కావలివాడు బసవప్ప గుండ్లు తగిలి చనిపోయి కనిపించాడు. మధ్యాహ్నానికల్లా పోలీసులు తుపాకీ పట్టుకుపోయారు. తాను పేల్చలేదని, దట్టించిన మందు దట్టించినట్టే ఉందని శివరామకృష్ణయ్య చెప్పాడు. ఆయన మాటను నిలబెట్టింది రామాబాయే.

ఈ రకం తుపాకీని పేల్చిన రోజే వేడినీళ్లతో కడగాలి. లేకుంటే మందు మసి గొట్టాన్ని తినేస్తుంది. ఆయన ఆ పని ఒక్కనాడూ మానలేదు. నీళ్లు కాగాక చెంబుతో అందించేది ఎనిమిదేళ్ల రామాబాయి. పోలీసులు అడిగినప్పుడు ఊరందరి ముందూ, నాన్న ఇవాళ వేడినీళ్లు అడగలేదని చెప్పింది. పసిపిల్ల మాట కదా, అందరూ నమ్మారు. ఇక గొట్టంలోకి తొంగి చూసినవాడు లేడు. మరి బసవప్పను చంపిందెవరు? దొంగవేటగాళ్లతో తిరిగేవాడని, వాళ్ల నాటుతుపాకీకే పోయాడని ఊరు తేల్చేసింది. చచ్చినవాడు వచ్చి కాదనడు కదా. అయినా చాటున కొందరు శివరామకృష్ణయ్యనే అనేవారు. ఆయన ఆ తుపాకీ వెనక్కి తెచ్చుకోకుండానే కన్నుమూశాడు.

రెండేళ్ల కిందట పోలీసుల నుంచి నోటీసు వచ్చింది. వారసులుంటే తీసుకోవాలి, లేదంటే తుపాకీని నాశనం చేస్తారు. బజారులో కిరాణా దుకాణమున్న తమ్ముడు ప్రాణేశ్ పోతే పోనీ అన్నాడు. రామాబాయి వినలేదు. దట్టించిన మందు ఇంకా గొట్టంలోనే ఉంటే నాన్న మీది మాట చెరిగిపోతుందని ఆమె ఆశ. లైసెన్సు తన పేరుకు మార్చుకోవడానికి ఆఫీసుల మెట్లన్నీ ఎక్కి దిగింది. నిజాం కాలంలో తండ్రికిచ్చిన ఉర్దూ లైసెన్సును ఒక రిటైర్డు మాస్టరుతో చదివించుకుంది. తుపాకీ జమ చేసుకున్న రసీదు నకలు కూడా సంపాదించింది. ఆ తర్వాత సిరవారకు బస్సెక్కింది.

బసవప్ప కొడుకు ఉలిగప్ప అక్కడ ట్రాక్టరు టైర్లకు పంక్చర్లు వేస్తాడు. తండ్రి పోయేనాటికి ఎనిమిది నెలల పసివాడు. దొంగవేటగాడి కొడుకన్న పేరుతోనే పెరిగి పెద్దవాడయ్యాడు. గొట్టంలో ఏముంటే అది వచ్చి చెబుతానని రామాబాయి అతనికి మాటిచ్చింది. అప్పుడే నాకు గుబులు పుట్టింది, కానీ నా మాట వినేదెవరు?

తుపాకీ తన దుకాణానికి వచ్చిన రోజు రామాబాయి ముందుగా కడ్డీని గొట్టంలోకి దించింది. లోపల మందుంటే కడ్డీ పైనే ఆగాలి. అడుగుదాకా దిగిపోయింది. ఆమె మొహం వాడిపోయింది. పోలీసులే తీసేసి ఉంటారులే అని తనకు తానే చెప్పుకుని పనిలో పడింది. బిగిసిపోయిన మరలను కిరోసిన్‌లో వారం నానబెట్టింది. కుట్టుమిషన్ స్క్రూడ్రైవరును అరగదీసి వాటికి సరిపోయేలా చేసుకుంది. విరిగిన స్ప్రింగును మూడుసార్లు చేసింది, మూడోది నిలిచింది. కర్రభాగానికి అవిసె నూనె పట్టించింది. చివరికి గొట్టం మిగిలింది. నీళ్లు కాచింది. నా దగ్గర తెల్లటి కట్‌పీసు ఒకటి అడిగి తీసుకుని, కడ్డీకి చుట్టి, వేడినీళ్లు పోస్తూ లోపల రుద్దింది.

నీళ్లు నల్లగా దిగాయి. రెండో చెంబూ నలుపే, మూడోదీ నలుపే. టార్చి వేసి చూస్తే అడుగున ఇనుమంతా గుంటలు పడి ఉంది.

రామాబాయి టార్చి ఆర్పింది. "కడగని గొట్టం గిట్ల అయితది యల్లేశ్," అంది. "వేడినీళ్లు అడగలేదంటే పేల్చలేదనుకుంటి. పేల్చిండు. అడుగుతే తెలిసిపోతదని అడగలే."

నాకు భయమేసింది. ఎవరూ చూడలేదు కదా, ఆ నీళ్లు మోరీలో పోసేయమన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఆమె ఆ గుడ్డను ఎండలో ఆరబెట్టింది.

సంగతి తెలిసి ప్రాణేశ్ పరుగెత్తుకొచ్చాడు. పోయిన నాన్న పేరును సొంత బిడ్డవే చెడగొడతావా అని మండిపడ్డాడు. రామాబాయి ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదటిసారి. కళ్లు తుడుచుకుని, "నా నోటితోనే బసవప్ప దొంగయిండు," అని మాత్రం అంది.

మర్నాడు ఆమె వెంట నేనూ సిరవార వెళ్లాను. ఆ రోజు అక్కడ సంత. ఉలిగప్ప టైరు పక్కనపెట్టి లేచాడు. ఆమె గుడ్డ విప్పి చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తండ్రి పందనుకుని పేల్చాడేమో అని కూడా అనలేదు. ఉలిగప్ప ఆ నలుపును వేలితో తాకాడు. అంతకుముందు రామాబాయితో కన్నడంలోనే మాట్లాడినవాడు, ఆ పూట తెలుగులో అడిగాడు.

"నా ఒక్కనికి చెప్తే ఏమొస్తదక్కా? నన్ను కన్న అవ్వను దొంగ పెండ్లామన్నది ఆ సంతల. ఆడ చెప్తవా?"

రామాబాయి గుడ్డ మడిచి పట్టుకుని ముందు నడిచింది. టీ హోటలు ఎదుట, మూటలు దించుకుంటున్న జనం మధ్య ఆగింది. ఎనిమిదేళ్లప్పుడు చెప్పిన సాక్ష్యాన్ని అరవై నాలుగో ఏట మళ్లీ చెప్పింది.

"నేను శివరామకృష్ణయ్య బిడ్డను. ఆ దినం మా నాన్న వేడినీళ్లు అడగలేదని నేనే చెప్పిన. పేల్చిండు, తెలిసిపోతదని అడగలే. బసవప్ప దొంగ కాడు."