రామకృష్ణయ్య సారు నాలుగు పేజీలు రాసిన మాట

రామకృష్ణయ్య సారుకు ఇంగ్లీషు మాటల పిచ్చి. పిచ్చి అని నేను అనొచ్చు, ఇంకెవరైనా అంటే ఊరుకోను. ఆయన ఇంగ్లీషు చెప్పాడు, నేను హిందీ చెప్పాను. జమ్మలమడుగులో ఆరేళ్ళు, పులివెందులలో తొమ్మిదేళ్ళు ఒకే బడిలో పనిచేశాం. రిటైరయ్యాక ప్రొద్దుటూరులో రెండు వీధుల ఎడంగా ఉన్నాం. వాళ్ళది బట్టల వ్యాపారం చేసే వైశ్యుల ఇల్లు. అన్నదమ్ములంతా అంగట్లో కూర్చుంటే ఈయనొక్కడు సుద్దముక్క పట్టుకున్నాడు. పెళ్ళిళ్ళలో బంధువులు ఆయన్ను చూపించి ‘మా ఇంగ్లీషాయన’ అని నవ్వేవాళ్ళు. ఆయనా వాళ్ళతో పాటు నవ్వేవాడు.

ఆయన దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కు ఉండేది. ఇంట్లో రోజూ వాడే ఇంగ్లీషు మాటలు ఎక్కడ పుట్టాయి, ఏ దేశాలు తిరిగి మన ఇళ్ళలోకి వచ్చాయి అని అందులో రాసుకునేవాడు. టేబులు, ప్లేటు, బకెట్టు, కర్టెను... ఒక్కోదానికి అరపేజీ. ‘కాట్’కు మాత్రం నాలుగు పేజీలు.

ఆ మాట ఆయనకు ఇచ్చింది నేనే. పులివెందులలో ఇద్దరం పెళ్ళాంబిడ్డలను ఊళ్ళో ఉంచి ఒక గదిలో ఉండేవాళ్ళం. రెండు నవారు మంచాలు, ఒక స్టవ్వు, అంతే సంసారం. ఒక సాయంత్రం నడుము వాల్చుతూ, “అబ్బా, ఈ ఖాట్ లేకపోతే మనిషి బతకడు” అన్నాను. ఆయన లేచి కూర్చున్నాడు. ఖాట్ అంటే ఏంది, మీ సాయిబుల ఇండ్లల్లో అట్లే అంటారా, ఎప్పటినుంచి అంటాండారు అని నన్ను పోలీసోడిలా ప్రశ్నించాడు. ఆదివారం కడప లైబ్రరీకి పోయి, సాయంత్రానికి మొహమంతా వెలుగుతో తిరిగొచ్చాడు.

“నూరూ, మీ ఖాటే వాళ్ళ కాట్. దొరలు వ్యాపారానికి ఈడికొచ్చి, మన మంచాల మీద పండుకొని, ఆ సుఖం మరిగి పేరుతో సహా ఎత్తుకపోయినారు.”

ఓడల్లో అధికారులు పడుకునే వేలాడే గుడ్డ పరుపు అయిందట ఆ మాట. ఇంగ్లండులో పసిపిల్లల కటకటాల మంచమయింది. అమెరికాలో మడత మంచమయింది. మన ఊళ్ళకు తిరిగొచ్చి ఫర్నిచరు షాపుల్లో డబుల్ కాట్ అయింది. వెనక్కి పోతే సంస్కృతంలో ఖట్వ. ఇంకా వెనక్కి పోతే మన దక్షిణాది మాటే ఉండొచ్చని కొందరు పండితుల ఊహ: తమిళులు మంచాన్ని కట్టిల్ అంటారు, కట్టేది కాబట్టి. గుడిసె అనే అర్థంలో ఇంకో కాట్ ఉంది, కాటేజీ దానికి పుట్టిన బిడ్డ, ఈ రెంటికీ చుట్టరికం లేదు. ఆ రెంటినీ కలిపేసిన పిల్లలకు ఆయన అర మార్కు కోసేవాడు. ఇంత గొప్ప సంగతి తొమ్మిదో తరగతికి చెబితే వాళ్ళు అడిగింది ఒకటే, పరీక్షలో వస్తుందా సార్ అని.

ఇదంతా మూడు పేజీలు. నాలుగో పేజీలో ఇంగ్లీషు లేదు. అది ఆయన నాకొక్కడికే చదివి వినిపించాడు.

వాళ్ళ ఇళ్ళలో మనిషి మంచం మీద ప్రాణం విడవకూడదు. ఆఖరి ఘడియ వచ్చిందనిపిస్తే ముందే నేల మీదికి దించుతారు. మంచం మీద పోతే గతి లేదంటారు. ఒకసారి దించాక మళ్ళీ ఎత్తకూడదు, ఎత్తితే ఇంట్లోకి ఇంకో చావును పిలిచినట్టట. రామకృష్ణయ్య సారు నాయనను పుష్యమాసంలో దించారు. సారు అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. ఆ రాత్రే పోతాడన్న మనిషి నాలుగు రోజులు బతికాడు, తెలివి ఉండగానే, కడిగిన బండల మీద. ‘చలిరా, పైకెత్తండి’ అని అడుగుతూనే ఉన్నాడు. ఇంటినిండా పెద్దలున్నారు. ఎత్తినవాడు లేడు. కొడుకు అరికాళ్ళు రుద్దుతూ కూర్చున్నాడు.

ఆ పేజీ చివర ఇలా రాసుకున్నాడు: ‘కాట్ అంటే మనిషికీ నేలకూ మధ్య మూరెడు ఎత్తు. మా నాయన అడిగిన ఆ మూరెడు నేను ఇయ్యలేకపోయినాను.’

నోటుబుక్కు మూసి నా చెయ్యి పట్టుకున్నాడు. “నన్ను దించనీయొద్దు నూరూ.”

“నాకెందుకు చెప్తావు? నీ కొడుకు శరత్ చంద్ర ఉండాడు, వానికి చెప్పు.”

“కన్నకొడుకుతో చావు మాటలు ఎట్లా మాట్లాడేదబ్బా! నోరు రాదు. మా ఇంటామె శకుంతలకు చెప్పినాను, నీకు చెప్పినాను. ఆ పొద్దు వస్తే వానికి నువ్వు చెప్పు. ఆడమనిషి చెప్తే ఏడుపనుకుంటారు, ఇనరు.”

సరేనన్నాను. చేతిలో చెయ్యేసి మరీ అన్నాను.

ఇరవై ఏళ్ళు గడిచాయి. నిరుడు కాదు, అంతకు ముందు సంవత్సరం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దయింది. ఆయన ఏమంటున్నాడో శకుంతలమ్మకూ నాకూ తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఎనిమిది నెలలు మంచం మీదే. వారానికోసారి పోయి నవారు బిగించి వచ్చేవాణ్ణి, వదులైతే ఆయన నడుము ఓర్చుకోలేదు. డిసెంబరు ముసురులో ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది. ఇంటికి తీసుకుపొమ్మని ఆస్పత్రిలో చెప్పేశారు.

కబురు తెలిసి నేను పోయేసరికి ఇల్లంతా బంధువులు. నేల కడిగి, దర్భలు పరిచి ఉంది. శకుంతలమ్మ మంచం కోడు పట్టుకుని, “ఆయన వద్దన్నాడు నాయనా, దించొద్దన్నాడు” అంటూ ఉంది. ఎవరో పెద్దామె ఆమెను పక్కకు లాగి, “ఊరుకో శకుంతలా, కాలం వచ్చినప్పుడు మనసు గట్టి చేసుకోవల్ల” అంటోంది. శరత్ చంద్ర కళ్ళు తుడుచుకుంటూ తండ్రి భుజాల కింద చేతులు పెట్టాడు.

రామకృష్ణయ్య సారు నన్ను చూశాడు. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. ఇది వాళ్ళ ఆచారం, నేను సాయిబును, పదిమంది పెద్దల మధ్య ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఏమనుకుంటారు అని లెక్కలు వేసుకున్నాను. ఆయన చూపు తట్టుకోలేక గోడమీది క్యాలెండరు చూశాను. దించేశారు. మంచం తీసి పెరట్లో నిలువుగా ఆనించారు.

ఆయన ఆ రోజు పోలేదు, మరుసటి రోజూ పోలేదు. నేను ఆ ఇంటి వైపు పోలేదు.

మూడోరోజు మధ్యాహ్నం శకుంతలమ్మ ఫోన్ చేసింది. శరత్ చంద్ర హైదరాబాదు నుంచి వస్తున్న చెల్లెలు రూపను పిలుచుకురావడానికి ఎర్రగుంట్ల స్టేషనుకు పోయాడు. బంధువులు భోజనాలకని ఇళ్ళకు పోయారు. నేను పోయేసరికి ఇంట్లో ఆమె, ఆయన, అంతే.

“మూడు దినాలాయె అన్నా, చలి చలి అంటాండాడు. రెండు దుప్పట్లు కప్పినా కిందనుంచి కొడ్తాంది. పట్టు, పైకేద్దాం.”

“శరత్ వచ్చినాక ఒక మాట అడుగుదామ్మా,” అన్నాను. ఆమె నావైపు తిరిగింది. అంత మెతక మనిషి కళ్ళల్లో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

“ఆ పొద్దు నోరు ఆడించకపోతివి. ఈ పొద్దు చేతులన్నా ఆడించు.”

మంచం లోపలికి తెచ్చాను. ఆమె కాళ్ళు పట్టుకుంది, నేను తలవైపు పట్టాను. బరువే లేడు. నడుము నవారుకు తగలగానే ఆయన ముఖం చిట్లించి ఏదో అన్నాడు. శకుంతలమ్మ వంగి విని, “వదులైందంట,” అంది. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. ముఖంలో బిగువు సడలింది. చలి అనలేదు. గంటలోపే పోయాడు.

నాలో పిరికివాడు మళ్ళీ లేచాడు. “అమ్మా, కింద పండుకోబెడదాం. ఎవురికీ తెలీదు,” అన్నాను.

“మళ్ళా దించుతావా?” అని ఆమె మంచం అంచున కూర్చుంది. ఇక లేవలేదు.

శరత్ చంద్ర వచ్చి చూసి వాకిట్లోనే కూలబడ్డాడు. మూడు రోజులుగా వాడు తండ్రి పక్కనే, చాప కూడా లేకుండా, ఆ బండల మీదే పడుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. “ప్రాణం యాడ పోయిందమ్మా? పైనా, కిందా?” అని అడిగాడు.

“పైన. నేనే ఎత్తించినా.”

“నీ మనసు కోసం నాయనకు గతి లేకుండా చేస్తివే,” అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నయం.

మంచం మీద ప్రాణం పోయిన దోషానికి పురోహితుడు ఆరు నెలలు ఇల్లు మూయమన్నాడు. శరత్ చంద్ర కర్మలన్నీ లోటు లేకుండా చేశాడు. తల్లితో మాత్రం మాట్లాడటం మానేశాడు. ఆమె జమ్మలమడుగులో చెల్లెలి ఇంటికి పోయింది. ఆరు నెలలయ్యాక తలుపులు తీశారు గానీ ఆమెను ఎవరూ పిలవలేదు.

సంవత్సరీకం ముందురోజు ఉదయం శరత్ చంద్ర మా ఇంటికొచ్చాడు. టీ ఇస్తే పక్కన పెట్టాడు.

“ఒక్కటే అడుగుతా మామా. అమ్మ ఓర్చుకోలేక ఎత్తించిందా, నాయనే అడిగినాడా?”

చెప్పాను. పుష్యమాసం సంగతి, వాళ్ళ తాత అడిగిన మాట, పులివెందుల గదిలో నేను చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నది, అంతా చెప్పాను. 

“తాత సంగతి నాకెవురూ చెప్పలేదు,” అన్నాడు. “ఆ పొద్దు నువ్వు వాకిట్లోనే ఉంటివి గదా మామా?”

“ఉంటిని.”

“అమ్మ బాధకు అంటాందనుకుంటి. నాయనే అన్నాడని నువ్వు ఒక్క మాట చెప్పింటే, ఎవురేమన్నా నేను దించనిచ్చేవాణ్ణి కాదు.”

లేచి, జమ్మలమడుగు బస్సు ఎన్నింటికని మా ఆవిడను అడిగాడు. తల్లిని తెచ్చుకోవడానికి పోయాడు. నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. పోతూ పోతూ, రేపు భోజనానికి తప్పకుండా రా మామా అని కూడా చెప్పాడు.