వంగని గార్డు

సీతారాంకు కారు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఎవరిదైనా సరే, దగ్గరికి పోయి బానెట్ మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు వేస్తాడు, కొత్త కుండ కొనే మనిషిలాగా. చెవి వంచి వింటాడు. తర్వాత తలుపు తెరిచి మూస్తాడు. అప్పుడు తీర్పు వస్తుంది. తుకుం పేటలో కొత్త కారు కొన్నవాళ్లు గుడిలో పూజ చేయించి నేరుగా ఆయన వెల్డింగ్ దుకాణం ముందు ఆపుతారు. ఆయన బాగుందన్న కారు మాత్రం ఇంకా పుట్టలేదు.

"గిది కారు గాదు సార్, బిస్కట్ డబ్బా," అంటాడు. "కంపెనోళ్లు రేకు మిగిలించుకున్నరు, రంగు మంచిగేసిండ్రు. గంతే."

ఈ పట్టుదల ఊరికే రాలేదు. వాళ్ల నాయన చెన్నూరు నుంచి పద్మాపూర్ గనికి పనికొచ్చాడు. సీతారాం పుట్టింది గని కాలనీలోనే. చిన్నప్పుడు ఒక గని జీపు కళ్లముందే గుంతలోకి పల్టీ కొట్టింది. నలుగురు కలిసి దాన్ని నిలబెట్టారు, డ్రైవరు ఎక్కి దులుపుకుని నడుపుకుంటూ వెళ్లిపోయాడు. బండికి సొట్ట లేదు. ఆ రోజు నుంచి ఆయనకు ఒకటే నమ్మకం. వంగేది చెడ్డ బండి, వంగనిది మంచి బండి.

కంపెనీలు చెయ్యని మంచి పని తాను చెయ్యాలని కారు ముందు ఇనుప గొట్టాల గార్డు బిగించడం మొదలుపెట్టాడు. ఘుగ్గుస్ రోడ్డు మీద బొగ్గు లారీలు ఎలా నడుస్తాయో తెలిసినవాళ్లు వద్దనరు కదా! గార్డు పెట్టొద్దని చట్టముందని ఎవరైనా గుర్తుచేస్తే, "చట్టమచ్చి లారీకి అడ్డం నిలవడతదా?" అనేవాడు. ఇంకో పని కూడా చేసేవాడు, అడగకుండానే. బంపర్ వెనక రెండు ఇనుప దూలాలుంటాయి, కారు ముందుభాగమంతా వాటి మీదే. వాటి పక్కలకు అక్కడక్కడ నొక్కులుంటాయి. అది కంపెనీవాళ్ల పిసినారితనమని ఆయన లెక్క. ఆ నొక్కుల మీద మందపాటి పట్టీ పెట్టి వెల్డింగ్ చేసేవాడు. చివర గార్డు మీద మూడు చుక్కలు పెట్టేవాడు. అది సీతారాం చేతి గుర్తు.

ఇప్పుడు చిక్కు సొంత ఇంట్లోనే వచ్చింది. కూతురు శ్రీజ ఘుగ్గుస్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పని చేస్తుంది. రోజూ పోయి రావడానికి చిన్న కారు కొనుక్కుంది. సీతారాం అందరికంటే బలమైన గార్డు తయారుచేసి, నల్ల రంగేసి ఆరబెట్టాడు. ఆ పిల్ల వద్దంది.

"గార్డుంటే ఎయిర్‌బ్యాగు టైముకు తెరుసుకోదట బాపూ. షోరూంల చెప్పిండ్రు."

"ఆళ్లు అమ్మేటోళ్లు, గట్లనే చెప్తరు. గీ రేకును నేను బొటనవేలుతోని సొట్ట చేస్త. లారీ తగిల్తే ఏం మిగుల్తది బిడ్డా?"

శ్రీజ వాదించలేదు. తండ్రి సంగతి ఆమెకు తెలుసు. చెవితో విన్నది నమ్మడు, చేత్తో తడమాలి. "ఓంప్రకాష్ కాక భంగారంల తగిలిన కార్లున్నయి గద. నువ్వే చూడు. చూసినంక గూడ ఎయ్యమంటే ఎయించుకుంట," అంది.

ఓంప్రకాష్‌ది పాత ఇనుము దుకాణం, పద్మాపూర్ దారిలో. ఆ ఆదివారం సీతారాం అక్కడికి వెళ్లాడు. మొదట ఒక గార్డు లేని కారు చూశాడు. ముందుభాగం అప్పడంలా నలిగిపోయింది. చూశావా, బిస్కట్ డబ్బా అనుకుంటూ తలుపు పట్టుకుని లాగాడు. సులువుగా వచ్చింది. లోపల సీటు సీటులాగే ఉంది. స్టీరింగు నుంచి తెల్ల బట్ట సంచి వేలాడుతోంది.

"గీంట్లున్నోడు ఏమైండు?" అని అడిగాడు.

"ఏమైతడు? దిగి, ఫోన్ల మాట్లాడుకుంట నిలవడ్డడట," అన్నాడు ఓంప్రకాష్.

సీతారాంకు కుతూహలం పట్టుకుంది. నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. దూలాలు మడతలు మడతలుగా ముడుచుకున్నాయి. వేలితో ఒక్కో మడతా తడిమాడు. ప్రతి మడతా సరిగ్గా ఆ నొక్కు ఉన్నచోటే పడింది. అంటే ఎవడో ముందే కూర్చుని, ఇది ఇక్కడ వంగాలి, తర్వాత ఇక్కడ, దెబ్బ మనిషి దాకా రావొద్దు అని ఆలోచించి పెట్టాడన్న మాట! వంగడం కూడా ఒక పనితనమని ఇన్నేళ్లలో ఆయనకు ఎప్పుడూ తట్టలేదు. ఆ కనిపించని మనిషి మీద ఆయనకు చెప్పలేనంత ముచ్చటేసింది.

ఆ ముచ్చట పక్క కారు దాకే నిలిచింది. దానికి గార్డుంది. గార్డు నిటారుగా ఉంది, రంగు గీసుకుపోయింది తప్ప వంగలేదు. మూల మీద మూడు చుక్కలు. ఆయన కింద దూరి చూశాడు. పట్టీలు వేసిన చోట దూలాలు బిగదీసుకుని అలాగే ఉన్నాయి. వెనక మాత్రం కారు అడుగు చీరుకుపోయి, బ్రేకు పెడల్ సీటు దాకా వచ్చింది. తెల్ల సంచి బయటికే రాలేదు. ఇది ఎవరిదని ఓంప్రకాష్‌ను అడిగాడు.

కారు ఘుగ్గుస్‌లో ఉండే రామనాథంది, సిమెంటు ఫ్యాక్టరీ స్టోరు ఉద్యోగి. ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దాడట. సాయంత్రం శ్రీజే తండ్రిని కారులో రామనాథం ఇంటికి తీసుకెళ్లింది. ఆమె బయట ఆగింది, సీతారాం లోపలికి వెళ్లాడు.

రామనాథం మంచం మీదున్నాడు, కుడికాలు తొడ దాకా కట్టుతో. చూడగానే మొహం విప్పారింది.

"రా సీతారామన్నా! నీ గార్డు గింత సుత వంగలే. అచ్చినోళ్లందరికి నీ పేరే చెప్తున్న. గది ఇప్పి తెచ్చి కొత్త కారుకు గూడ ఎయ్యాలె."

సీతారాం కూర్చోలేదు. ఊరుకుంటే పోయేదేమీ లేదు, పైగా మంచి పేరు. కానీ బయట కారులో కూతురుంది.

"గది వంగకపోవుడే తప్పయింది సార్," అన్నాడు. "వంగాల్సింది గదే. గది వంగలే గనుక నీ కాలిరిగింది. నొక్కులు గూడ మూసింది నేనే."

రామనాథం కాలు వైపు చూసుకున్నాడు. మొహంలో నవ్వు పోయింది. తిడతాడనుకుని సీతారాం తల వంచుకున్నాడు. తిట్టలేదు. "నా అసొంటోళ్లు ఇంకెందరు తిరుగుతుండ్రే, నీ గార్డులేసుకోని?" అని మాత్రం అడిగాడు.

ఆ మాట సీతారాం గుండెలో దిగింది. బయటికొచ్చి కారెక్కాడు.

"గార్డు ఎప్పుడేస్తవ్ బాపూ?" అంది శ్రీజ, తండ్రి మొహం చూస్తూ.

"ఎయ్య బిడ్డా. నీ కారు మంచిగున్నది," అన్నాడు. ఆయన నోట ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. బండి స్టార్టు చేసింది.

బొగ్గు దుమ్ములో లారీలను దాటుకుంటూ వస్తుంటే, చాయ్ హోటల్ ముందు ఒక కారు ఆగి ఉంది. వెనక సీట్లో చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని ఒకామె, ముందు ఆమె భర్త. ముందున్న గార్డు మీద మూడు చుక్కలు.

"ఆపు బిడ్డా."

సీతారాం దిగి ఆ కారు దగ్గరికి పోయాడు. అలవాటు కొద్దీ చెయ్యి బానెట్ మీదికి లేచింది. దాన్ని వెనక్కి తీసుకుని, కిటికీ అద్దం మీద తట్టాడు.

"సార్, నేను తుకుం సీతారాంను. మీ కారుకు నేనొక తప్పు పని చేసిన. గిప్పుడే ఇప్పుత. జర దిగుండ్రి," అన్నాడు.